రౌలెట్‌లో గీత మీద పడిన చిప్‌కి 17 రెట్లే ఎందుకిచ్చారు? బెట్ల లెక్క తెలిసినవాళ్ళు చెప్పండి

బరంపురం_పట్టు
అందరికీ నమస్కారం. మాది బరంపురం. పట్టు చీరల దుకాణంలో లెక్కలు రాస్తాను. పోయిన చలికాలం నలుగురు స్నేహితులం అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి గోవా వెళ్ళాం. ఒక రాత్రి మాండోవి నది మీద పడవ క్యాసినోకి వెళ్ళాం. నేను రౌలెట్ ఒక్కటే ఆడాను, అదే, నంబర్ల చక్రం తిప్పితే బాల్ ఏ గడిలో పడుతుందో పందెం కాసే ఆట. పేక టేబుల్ దగ్గర కూర్చోవాలంటే టెన్షన్. ఇక్కడైతే నిలబడి చిప్, అంటే డబ్బుకి బదులు ఇచ్చే బిళ్ళ, పెడితే చాలు.

ఒక వంద రూపాయల చిప్ 20 మీద పెడదామనుకున్నాను. జనం మధ్యలోంచి చెయ్యి చాచి పెట్టేసరికి అది 17, 20 గడుల మధ్య గీత మీద ఆగింది. బాల్ సరిగ్గా 20లోనే పడింది. నంబర్ తగిలితే 35 రెట్లని విన్నాను, అంటే 3,500 వస్తాయనుకున్నాను. టేబుల్ దగ్గర ఆట నడిపే డీలరమ్మాయి 1,700 తోసింది. ఎందుకని అడగడానికి మొహమాటం అడ్డొచ్చింది. పైగా నా వంద చిప్ ఆ గీత మీదే ఉండిపోయింది. దాన్ని నేను తీసుకోవాలని తెలీదు. తరవాతి ఆటలో ఓడిన చిప్స్‌తో కలిపి దాన్నీ ఊడ్చేశారు.

ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్తున్నాం. రోజంతా దుకాణం లెక్కలు చూసేవాణ్ణి, నా డబ్బు లెక్కే నాకు తెలియకపోతే మనసు ఊరుకోవడం లేదు. కాస్త వివరంగా చెప్పండి.

మహేంద్రగిరి
తమ్ముడూ, మాది పర్లాకిమిడి. ఆరేళ్ళు అలాంటి పడవలోనే డీలర్‌గా చేసి ఊరికి తిరిగొచ్చాను. ఆ అమ్మాయి ఇచ్చింది సరైన లెక్కే.

టేబుల్ మీద పరిచిన గుడ్డలో చిప్ ఎక్కడ ఆనితే అదే నీ బెట్. గడి మధ్యలో ఆనితే ఒక్క నంబర్, 35 రెట్ల లాభం. రెండు గడుల మధ్య గీత మీద ఆనితే రెండు నంబర్లూ నీవే. 17 పడినా నువ్వు గెలిచేవాడివి. గెలిచే దారులు రెండున్నాయి కాబట్టి లాభం 17 రెట్లకు తగ్గుతుంది. దీన్ని స్ప్లిట్ అంటాం. అడ్డంగా ఒక్కో వరసలో మూడేసి నంబర్లుంటాయి: 1-2-3, 4-5-6, ఇలాగ. ఆ వరస చివర, బయటి గీత మీద పెడితే మూడిటికీ కలిపి స్ట్రీట్, 11 రెట్లు. నాలుగు గడులు కలిసే మూల మీద పెడితే కార్నర్, 8 రెట్లు. రెండు వరసలు కలిసేచోట బయటి గీత మీద పెడితే ఆరు నంబర్లు, 5 రెట్లు.

ఇవి లోపలి బెట్లు. వీటి చుట్టూ పెద్ద గడులు ఉంటాయి, అవి బయటి బెట్లు. డజన్ అంటే 1 నుంచి 12, 13 నుంచి 24, 25 నుంచి 36. కాలమ్ అంటే నిలువు వరస, అందులోనూ 12 నంబర్లే. ఈ రెండిటికీ 2 రెట్లు. రెడ్-బ్లాక్, సరి-బేసి, 1-18, 19-36 అయితే పెట్టినంతే లాభం. సున్నా పడితే ఈ బయటి బెట్లన్నీ పోతాయి. సున్నా సరిసంఖ్యే కదా అని చాలామంది మాతో వాదించేవారు. ఈ ఆటలో అది సరీ కాదు, బేసీ కాదు.

నీ చిప్ సంగతి. బాల్ పడగానే డీలర్ గెలిచిన నంబర్ మీద చిన్న గుర్తు పెడుతుంది, దాన్ని డాలీ అంటాం. ముందు ఓడిన చిప్స్ ఊడ్చి, తరవాత గెలిచినవాటికి లాభం ఇస్తుంది. గెలిచిన చిప్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది, అది ఇంకా నీదే. డాలీ ఎత్తాక తీసుకో. తియ్యకపోతే తరవాతి ఆటకి అదే బెట్ అవుతుంది. డాలీ ఉండగా మాత్రం చెయ్యి పెట్టకు, పైనున్న కెమెరాలు చూసేది దాన్నే.

గుణుపురం_లెక్కలమాస్టారు
బాబూ, రెట్లు కంఠస్థం చెయ్యనక్కర్లేదు. ఒక్క సూత్రం చాలు. 36ని నువ్వు పట్టుకున్న నంబర్లతో భాగించు, అందులోంచి ఒకటి తీసెయ్. రెండు నంబర్లైతే 36ని 2తో భాగిస్తే 18, ఒకటి తీస్తే 17. మూడైతే 12లోంచి ఒకటి పోతే 11. నాలుగైతే 8. ఆరైతే 5. పన్నెండైతే 2. పద్దెనిమిదైతే 1. అన్నీ సరిపోయాయా?

ఇప్పుడు నీ దుకాణం బుర్రతో ఒకటి ఆలోచించు. లెక్క 36 మీద కట్టారు. చక్రంలో గడులెన్ని? 1 నుంచి 36, వాటితో పాటు ఆకుపచ్చ సున్నా. మొత్తం 37. నువ్వు అన్ని గడుల మీదా తలో వంద పెట్టావనుకో, 3,700 పెట్టినట్టు. ఏదో ఒకటి తగిలి తీరుతుంది. లాభం 3,500, ఆ గడి మీద నీ వంద, కలిపి 3,600 చేతికొస్తాయి. ఆట ఆడిన ప్రతిసారీ వంద వాళ్ళ దగ్గర ఆగిపోతుంది. 37లో 1 అంటే నూటికి 2.70. క్యాసినో బతికేదంతా ఆ ఒక్క గడి మీదే. మోసం చెయ్యాల్సిన పని వాళ్ళకు లేదు.

కొన్ని చక్రాల్లో రెండు ఆకుపచ్చ గడులుంటాయి, ఒక సున్నా, ఒక డబుల్ సున్నా. దాన్ని అమెరికన్ చక్రం అంటారు. అప్పుడు గడులు 38, ఇచ్చేది మాత్రం అదే 36 లెక్క. నూటికి 5.26 పోతుంది. బెట్ పెట్టేముందు చక్రంలోకి తొంగిచూసి ఆకుపచ్చ గడులు ఒకటా, రెండా లెక్కపెట్టుకో.

మహేంద్రగిరి
మాస్టారు చెప్పిన సూత్రం తప్పే బెట్ ఒకే ఒక్కటుంది. డబుల్ సున్నా టేబుల్ మీద 0, 00, 1, 2, 3 ఐదిటికీ కలిపి పెట్టే బెట్. 36ని 5తో భాగించి ఒకటి తీస్తే 6 మీద చిల్లర వస్తుంది, ఆ చిల్లర వదిలేసి 6 రెట్లే ఇస్తారు. నూటికి 7.89 పోతుంది. టేబుల్ మీద అంతకంటే చెడ్డ బెట్ లేదు.

ఇచ్ఛాపురం_సరిహద్దు
ఇది చదువుతుంటే మా చిన్నప్పటి గుండాట గుర్తొచ్చింది. సంక్రాంతికి మా పల్లెల్లో తోటల వెనకాల గోనెపట్టా పరిచేవారు. దాని మీద ఆరు బొమ్మలు. డబ్బాలో గుండు గలగలలాడించి బోర్లిస్తే జనమంతా ఊపిరి బిగపట్టేవారు. పది పెట్టిన బొమ్మే పడితే నలభై లాభం ఇచ్చేవారు. మాస్టారూ, మీ లెక్క దీనికీ పనిచేస్తుందా?

గుణుపురం_లెక్కలమాస్టారు
చేస్తుంది. ఆరు బొమ్మల మీదా తలో పది పెట్టు, మొత్తం అరవై. గెలిచిన బొమ్మ మీద నలభై, నీ పది కలిపి యాభై చేతికొస్తాయి. అరవైకి పది పోయాయి, నూటికి 16 పైనే. గోనెపట్టా ఆట కంటే రౌలెట్ ఎన్నో రెట్లు నెమ్మదిగా కోస్తుంది. నెమ్మదిగా కోస్తుంది కాబట్టే మనిషి అక్కడ ఎక్కువసేపు నిలబడతాడు.

ఎంతసేపు నిలబడ్డావన్నదే అసలు లెక్క. ఆటకి వంద చొప్పున గంటకు 40 ఆటలు, నాలుగు గంటలు. 160 ఆటలు, 16,000 రూపాయలు టేబుల్ మీద తిరిగినట్టు. నీ జేబులోంచి తీసింది రెండు వేలే అయినా సరే, తిరిగింది పదహారు వేలు. దాని మీద 2.70 శాతం అంటే సగటున 432 రూపాయలు.

జయపురం_బావ
మాస్టారిని గౌరవిస్తూనే ఒక మాట. నేను రెండుసార్లు వెళ్ళి రెండుసార్లూ లాభంతోనే వచ్చాను. నా పద్ధతి చెప్తాను. మూడో కాలమ్‌లో 8 రెడ్లు, 4 బ్లాక్‌లే ఉంటాయి. కాబట్టి ఆ కాలమ్ మీద వంద, బ్లాక్ మీద వంద పెడతాను. రెడ్ పడితే కాలమ్ కాపాడుతుంది, బ్లాక్ పడితే బ్లాక్ కాపాడుతుంది. 37లో 26 గడులు నా చేతిలో ఉన్నట్టే కదా. అందులో 4 గడులైతే రెండు బెట్లూ గెలుస్తాయి. ఇది గాలివాటం కాదు, ఆలోచించి కనిపెట్టిన పద్ధతి.

గుణుపురం_లెక్కలమాస్టారు
బావగారూ, 8 రెడ్లు, 4 బ్లాక్‌లు అన్నది నిజమే. గుడ్డ మీది రంగుల అమరికను ఇంత శ్రద్ధగా చూసినవాళ్ళు తక్కువ. అందుకే మీ పద్ధతిని గడి గడీ లెక్కగట్టాను. రాత్రి భోజనం చల్లారిపోయింది, మా ఆవిడ కోప్పడింది కూడా.

మూడో కాలమ్‌లోని బ్లాక్ గడులు 4. అవి పడితే కాలమ్‌కి 200, బ్లాక్‌కి 100, మొత్తం 300 లాభం. నాలుగిటికీ కలిపి 1,200.
మిగతా బ్లాక్‌లు 14. బ్లాక్ మీద వంద వచ్చింది, కాలమ్ వంద పోయింది. లాభం సున్నా. మీరు కాపాడిందనుకుంటున్నవాటిలో సగానికి పైగా ఇవే.
మూడో కాలమ్ రెడ్లు 8. 200 వచ్చి 100 పోతాయి, ఒక్కోదానికి వంద లాభం. మొత్తం 800.
మిగతా రెడ్లు 10. రెండు వందలూ పోతాయి. మొత్తం 2,000 నష్టం.
సున్నా ఒకటి. 200 నష్టం.

వచ్చింది 2,000, పోయింది 2,200. 37 ఆటల్లో మీరు తిప్పింది 7,400, నష్టం 200. భాగించి చూడండి, నూటికి 2.70. నేను చక్రం గురించి ఏ ఊహా చెయ్యలేదు, మీ బెట్లనే కూడి చూశాను.

మీకు రెండుసార్లు లాభం రావడం అబద్ధమని నేననను. రెండు రాత్రుల్లో ఎవరికైనా రావచ్చు. అది పద్ధతి ఇచ్చింది కాదు, ఆ రాత్రి ఇచ్చింది.

జయపురం_బావ
రాత్రంతా కాగితం మీద వేసుకున్నాను. 200 తేడా వచ్చింది, ఒప్పుకుంటున్నాను. మరి రెట్టింపు పద్ధతి సంగతేమిటి? రెడ్ మీద 500 పెట్టు, పోతే 1,000, మళ్ళీ పోతే 2,000. ఎప్పుడో ఒకప్పుడు రెడ్ పడక తప్పదు. పడగానే పోయినవన్నీ వచ్చి పైన 500 మిగులుతాయి. దీన్ని ఏ లెక్క ఓడిస్తుంది?

మహేంద్రగిరి
దీనికి జవాబు నేను చెప్తాను బావగారూ, కళ్ళారా చూశాను కాబట్టి. ప్రతి టేబుల్ దగ్గరా చిన్న బోర్డు ఉంటుంది. కనీసం ఎంత పెట్టాలి, గరిష్ఠం ఎంత పెట్టొచ్చు అని. జనం కనీసం ఎంతో చూస్తారు. గరిష్ఠం చూడరు.

మాటవరసకు రెడ్-బ్లాక్ గరిష్ఠం 50,000 అనుకోండి. 500, 1,000, 2,000, 4,000, 8,000, 16,000, 32,000. ఏడు మెట్లు. ఏడూ పోతే ఎనిమిదో మెట్టు 64,000, డీలర్ తీసుకోదు. అప్పటికి పోయింది 63,500. ఒకాయన ఆరో మెట్టు మీద నిలబడి చిప్స్ రెండు చేతులతో తోస్తుంటే ఆయన వేళ్ళు వణికాయి. గెలిస్తే వచ్చేది 500 అని ఆ క్షణంలో ఆయనకు గుర్తులేదు. బాల్ బ్లాక్‌లో పడింది. డీలర్‌గా నేను మొహంలో ఏమీ చూపించకూడదు. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.

గుణుపురం_లెక్కలమాస్టారు
అంకెలు నేను చేరుస్తాను. ఒకే సున్నా చక్రంలో రెడ్ మీద పెట్టినవాడు ఓడే గడులు 19, గెలిచేవి 18. వరసగా ఏడుసార్లు ఓడటం సుమారు 106 ప్రయత్నాల్లో ఒకసారి జరుగుతుంది. మిగతా 105 సార్లు తలో 500 వస్తే 52,500. ఆ ఒక్కసారికి పోయేది 63,500. పదకొండు వేలు తక్కువే మిగిలింది.

ఛత్రపురం_గ్రంథాలయం
"ఎప్పుడో ఒకప్పుడు పడక తప్పదు" అన్నమాట మీద చరిత్రలో పెద్ద ఉదాహరణ ఉంది. 1913 ఆగస్టు 18న యూరప్‌లో మొనాకోలోని మాంటే కార్లో క్యాసినోలో బ్లాక్ వరసగా 26 సార్లు పడింది. పదిహేనోసారి పడే వేళకి జనం ఎగబడి రెడ్ మీద లక్షలు కుమ్మరించారు, ఇప్పుడు రెడ్ వంతు అని. చక్రానికి వంతులేమీ ఉండవు. ఇరవై ఆరోసారి కూడా రెడ్ అవకాశం 37లో 18, మొదటిసారి ఎంతో అంతే.

అసలు ఒకే సున్నా చక్రం వ్యాపార పోటీలోంచి పుట్టింది. 1843లో జర్మనీలోని హోంబుర్గ్‌లో బ్లాంక్ సోదరులు రెండో సున్నా తీసేసి జనాన్ని తమవైపు లాక్కున్నారు. తరవాత ఆ ఇద్దరిలో ఫ్రాన్స్వా బ్లాంక్ మాంటే కార్లోను నిలబెట్టాడు. ఫ్రెంచి పద్ధతి టేబుళ్ళలో మరో వెసులుబాటు ఉంటుంది. సున్నా పడితే రెడ్-బ్లాక్ లాంటి బెట్లకు సగం తిరిగిస్తారు. దానివల్ల వాళ్ళ వాటా 1.35 శాతానికి దిగుతుంది.

బరంపురం తమ్ముడికి నచ్చే కథ ఒకటి. జోసెఫ్ జాగర్ అని ఇంగ్లండులోని యార్క్‌షైర్ మనిషి, బట్టల మిల్లుల పని తెలిసినవాడు. తిరిగే యంత్రం ఏదైనా ఎక్కడో ఒకచోట అరుగుతుందని మగ్గాల దగ్గర నేర్చుకున్నాడు. మాంటే కార్లోలో మనుషుల్ని పెట్టి రోజుల తరబడి పడిన నంబర్లన్నీ రాయించాడు. ఒక చక్రంలో కొన్ని నంబర్లు ఎక్కువ పడుతున్నాయని తేలింది. వాటి మీదే పెట్టి పెద్ద మొత్తం గెలిచాడు. ఆయన ఓడించింది లెక్కను కాదు, అరిగిన ఒక చక్రాన్ని.

మహేంద్రగిరి
ఇప్పుడు ఆ అవకాశం లేదండి. చక్రం ఒరిగిందేమో రసమట్టంతో చూస్తారు, పడిన ప్రతి నంబర్ కంప్యూటర్లో నమోదవుతుంది. తేడా కనిపిస్తే ఆటగాడి కంటే ముందు క్యాసినోకే తెలుస్తుంది. టేబుల్ పక్కన వెలిగే బోర్డులో గత ఇరవై నంబర్లు చూపించేది మీకు సాయం చెయ్యడానికని అనుకోకండి. దాన్ని చూసి జనం ఇంకో ఆట ఆడతారని పెట్టిందది.

రాయగడ_పద్మ
చాలాసేపు చదివి, రాయాలా వద్దా అని ఆగాను. మా ఇళ్ళలో కుమార పూర్ణిమ రాత్రి అందరం కూర్చుని పేకాడతాం, గవ్వలాడతాం. అందుకే మా తమ్ముడు ఫోన్లో చక్రం తిప్పుతుంటే అదీ అలాంటిదే అనుకున్నాం. రెండేళ్ళ కిందటి మాట. ఒక యాప్‌లో అర నిమిషానికో ఆట. మాస్టారు గంటకు 40 ఆటలన్నారు. ఫోన్లో 120. రాత్రి పదకొండుకు మొదలెడితే రెండింటికల్లా 360 ఆటలు. చేత్తో చిప్ పెట్టక్కర్లేదు, వేలు ఆనిస్తే చాలు. మొదట బండి అమ్మాడు, తరవాత అమ్మ చంద్రహారం తాకట్టు పెట్టాడు. రెట్టింపు పద్ధతే వాడూ నమ్మాడు. కాగితాల నిండా 500, 1,000, 2,000 అని నిచ్చెనలు గీసి ఉన్నాయి. ఇప్పటికీ ఆ నోటుబుక్కు నా దగ్గరుంది.

బావగారూ, మీరు రాత్రంతా కూర్చుని లెక్క వేసి ఒప్పుకున్నారు. ఆ పని వాడితో ఎవరూ చేయించలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఛత్రపురం_గ్రంథాలయం
అమ్మా, మీరు రాయడం మంచిదైంది. చట్టం సంగతి తెలిసినంత చెప్తాను. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చేసిన చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. అలాంటి ఆట నడిపేవాళ్ళకు మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడినవాళ్ళను అందులో నేరస్థులుగా చూడలేదు. కాబట్టి మోసపోయినవాళ్ళు సైబర్ క్రైమ్ నంబర్ 1930కి ఫోన్ చెయ్యడానికి భయపడక్కర్లేదు.

మన ఒడిశాలో జూద నివారణ చట్టం 1955 నుంచీ ఉంది. గోవా తన 1976 చట్టాన్ని 1992లో సవరించి పెద్ద హోటళ్ళలో యంత్రాల ఆటలకు, 1996లో మళ్ళీ సవరించి పడవల మీద టేబుల్ ఆటలకు వీలిచ్చింది. మనుషులు తిప్పే చక్రం కోసం అందరూ మాండోవి దాకా వెళ్ళేది అందుకే. లోపలికి వెళ్ళాలంటే 21 ఏళ్ళు నిండాలి.

రాయగడ_పద్మ
ధన్యవాదాలండి. తమ్ముడు ఇప్పుడు విజయనగరంలో పనిలో ఉన్నాడు. మామూలు బటన్ ఫోనే వాడుతున్నాడు. చంద్రహారం ఇంకా విడిపించలేదు.

జయపురం_బావ
పద్మ గారూ, ఆ నోటుబుక్కు మాట చదివాక నా కాగితాలు నేనే తీసి చూసుకున్నాను. ఈసారి మా వాళ్ళతో గోవా వెళ్ళినా పడవ ఎక్కను. ఇది అందరి ముందూ చెప్పాలనిపించింది.

మహేంద్రగిరి
బరంపురం తమ్ముడికి ఇంకో రెండు మాటలు. రౌలెట్ టేబుల్ దగ్గర చిప్స్ కొంటే రంగు చిప్స్ ఇస్తారు, ఒక్కో ఆటగాడికి ఒక్కో రంగు. ఎవరి బెట్ ఏదో తెలియడానికి. కొన్నప్పుడే ఒక్కో చిప్ విలువ ఎంతో నువ్వు చెప్పాలి. డబ్బు డీలర్ చేతికి ఇవ్వకు, టేబుల్ మీద పెట్టు. డీలర్ చేతులడ్డంగా ఊపి "నో మోర్ బెట్స్" అన్నాక ఏమీ పెట్టకు. దూరపు గడి మీద పెట్టాలంటే చెయ్యి చాచకుండా చిప్ డీలర్‌కి జరిపి "20 మీద" అని నోటితో చెప్పు. ఆ పని వాళ్ళదే. ఎంట్రీ టికెట్‌తో ఇచ్చే కూపన్ చిప్స్ కౌంటర్లో డబ్బుగా మారవు, ఆడటానికే.

ఇంకొకటి. గుడ్డ మీద పక్కపక్కనున్న నంబర్లు చక్రంలో పక్కపక్కన ఉండవు. గుడ్డ మీద 20 చుట్టూ 17, 19, 21, 23 ఉంటాయి. ఒకే సున్నా చక్రంలో 20కి ఇటు 1, అటు 14. కొత్తవాళ్ళు "అయ్యో, పక్క గడిలో పడింది" అని బాధపడతారు. చక్రంలో అది పక్క గడే కాదు.

బరంపురం_పట్టు
నిన్ననే తిరిగొచ్చాం. మీ మాటలన్నీ చిన్న కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకెళ్ళాను. మొదటి టేబుల్ దగ్గర చక్రంలోకి తొంగిచూస్తే ఆకుపచ్చ గడులు రెండు. అక్కడినుంచి కదిలి, ఒకటే ఉన్న టేబుల్ దొరికేదాకా తిరిగాను. రెండు వేలు విడిగా పెట్టుకుని, ఎక్కువగా స్ట్రీట్లు, కార్నర్లు ఆడాను. 16-17-19-20 కార్నర్ రెండుసార్లు తగిలింది. రెండుసార్లూ 8 రెట్లు సరిచూసుకున్నాను. డాలీ ఎత్తాక నా చిప్ నేను తీసుకున్నాను. గంటన్నర తరవాత 1,150 మిగిలితే ఆపేశాను. 850 పోయాయి. ఎందుకు పోయాయో ఈసారి తెలుసు.

ఒక సందేహం మిగిలింది. రైల్లో మా స్నేహితుడి చొక్కా జేబులో నీలం రౌలెట్ చిప్ ఒకటి దొరికింది. వాడు దాన్ని 200 చొప్పున కొన్నాడట. మళ్ళీ వెళ్ళినప్పుడు మార్చుకోవచ్చా?

మహేంద్రగిరి
కష్టం తమ్ముడూ. ఆ చిప్ మీద అంకె ఉండదు, చూడు. మీరు టేబుల్ వదలగానే ఆ నీలం రంగు వేరేవాళ్ళకిస్తారు. వాళ్ళు దాన్ని 50కి కొని ఉండొచ్చు, 500కి కొని ఉండొచ్చు. 200 అన్న విలువ మీ స్నేహితుడు ఆ టేబుల్ దగ్గర ఉన్నంతసేపే. లేచేముందు రంగు చిప్స్ అన్నీ డీలర్ ముందు పెడితే అంకె ఉన్న చిప్స్ ఇస్తుంది, కౌంటర్లో డబ్బయ్యేవి అవే. ఈ మాట పోయినసారి రాయాల్సింది, మర్చిపోయాను.